ఏడు పాయింట్లు – అయిదు గంటలు

మా గాజువాకకి చుట్టాలొచ్చినా, స్నేహితులొచ్చినా కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఒక ప్రశ్న అడుగుతారు. "విశాఖపట్నంలో చూడవలసినవి ఎన్నున్నాయండీ?" అని. ఏమున్నాయని అడగరు. ఎన్నున్నాయని అడుగుతారు!

ఊరు చూడటమంటే పచారీ కొట్టుకి చీటీ పట్టుకెళ్లి, కందిపప్పు ముట్టింది, చింతపండు ముట్టింది అని గీతలు కొట్టుకోవడం లాంటిదని మనకి ఎవరు నేర్పారో తెలియదు గాని, ఈ పద్ధతి మీద నాకు మా చెడ్డ కోపం. ఎందుకంటారా? చీటీ మగవారిది, చాకిరీ మనది కనక.

మొన్న కార్తీకంలో నాతో చదువుకున్న ముగ్గురు స్నేహితురాళ్లు పిల్లాపాపలతో, శ్రీవార్లతో పూరీ వెళుతూ మధ్యలో విశాఖలో దిగారు. రెండు రైళ్ల మధ్య అయిదు గంటల వ్యవధి. వ్యాను మాట్లాడుకున్నారు. నేనూ గాజువాక నుంచి వెళ్లి వాళ్లలో కలిశాను. డ్రైవరు ఏడు "పాయింట్లు" ఏకరువు పెట్టాడు. సింహాచలం, జలాంతర్గామి, విమానం, యుద్ధస్మారకం, రామకృష్ణా బీచి, కైలాసగిరి, తొట్లకొండ. మగవాళ్ల ముఖాలు విప్పారాయి. అయిదు గంటల్లో ఏడంటే గిట్టుబాటే కదా మరి!

సింహాచలం గుళ్లో శ్రీకృష్ణదేవరాయలవారు 1516లో వచ్చి, స్వామికి నగలు సమర్పించినట్టు వేయించిన శాసనం ఉంది. అంతటి మహారాజు తీరుబాటుగా దర్శనం చేసుకున్న చోట మా కాకినాడ నేస్తం పిల్లల చెప్పులు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. "దణ్ణం పెట్టుకున్నావుటే?" అంటే, "ఆఁ, పెట్టాననుకుంటాను" అంది! ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడు తప్ప చందనం తీసి నిజరూపం చూపించని స్వామి ఆయన. ఆయన్ని గడియారం చూసుకుంటూ చూస్తే ఏం కనిపిస్తాడు?

తరవాత బీచిలో కుర్సురా జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. పొడుగు 91 మీటర్లు. అందులో 70 మందికి పైగా మనుషులు నీళ్లకింద రోజుల తరబడి కాపరం చేసేవారు. లోపల వంటగది చూసి ఆగిపోయాను. మన పూజగదంత ఉంటుందేమో! అంత చోటులో అంతమందికి ఎలా వండివార్చేవారో అని ఆలోచనలో పడ్డానో లేదో, వెనకనుంచి "పదండి పదండి, ఇంకా నాలుగున్నాయి" అని కేక.

తొట్లకొండ ఎక్కనేలేదు. టైము లేదుట. "అదేనండీ" అని డ్రైవరు రోడ్డు మీంచే వేలు పెట్టి చూపించాడు. అదీ లెక్కలోకి వచ్చేసింది! ఆ కొండమీద బౌద్ధారామం ఉన్న సంగతి 1976లో నౌకాదళం విమానంలో సర్వే చేస్తుంటే బయటపడింది. వాననీటి కోసం భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్ల వల్లే ఆ కొండకి ఆ పేరు. వాళ్ల వంటశాల, భోజనశాల పునాదులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఎదురుగా సముద్రం. మన వంటింటి గొడవ ఎప్పుడూ ఉండేదే. రెండువేల ఏళ్లనాటి వంటింటి గడపలో ఒక్క గంట కూర్చునే యోగం మాకు లేకపోయింది.

ఇంకో సంగతి చెప్పొద్దూ, మా నలుగురిలో ఒక్కరూ పొద్దుటినుంచీ గుక్కెడు మంచినీళ్లు ముట్టుకోలేదు. ఎందుకో ఆడవాళ్లకి విడమరచి చెప్పనక్కరలేదు. ఏడు పాయింట్లూ కంఠస్థం చేసినవాళ్లు ఆ ఎనిమిదో పాయింటు మాత్రం ఎప్పుడూ రాసుకోరు.

"అంత ఖర్చు పెట్టుకుని వచ్చాం, మళ్లీ వస్తామా?" అంటారు. అయ్యా, మళ్లీ రాం కనకనే ఒక్కదాన్నైనా కంటినిండా చూడనివ్వమంటున్నాను! పెళ్లి భోజనంలో ఇరవై రకాలూ వేలితో నాకి లేచిపోతే ఆకలి తీరుతుందా?

ఇది మన ఒక్కరి జబ్బే కాదు లెండి. స్పెయిన్ దేశంలో బార్సిలోనా అనే రేవుపట్నం ఉంది. అక్కడ సగ్రాడా ఫమీలియా అనే చర్చిని 1882లో మొదలెట్టి, నూరేళ్లు దాటినా కడుతూనే వచ్చారు. ఓడల్లో పొద్దున దిగి సాయంత్రం ఎక్కేసేవాళ్లు దాని ముందు ఫొటో దిగి, "చూసేశాం" అంటారు. యాత్రికుల తాకిడికి విసిగిపోయిన ఊరివాళ్లు కొందరు 2024 జులైలో ఊరేగింపు తీసి, పిల్లల నీళ్ల తుపాకులతో వాళ్లమీద నీళ్లు చిమ్మారు. మా విశాఖ రేవులో కూడా 2023లో విహారనౌకల కోసం టెర్మినల్ తెరిచారు. ఆ ముచ్చట మనదాకా రాకముందే బుద్ధి తెచ్చుకుంటే మంచిది.

అందుకని అక్కయ్యలకీ చెల్లెళ్లకీ నేను చెప్పేదొకటే. ఈసారి ప్రయాణంలో చీటీ మీరు పుచ్చుకోండి. ఆరు కొట్టెయ్యండి, ఒకటి ఉంచండి. ఆ ఒక్కటీ మీకు నచ్చినది కావాలి. పులిహోర కలపడానికి తెల్లవారుజామున మూడింటికి లేవకండి, ఇడ్లీ కొనుక్కుంటే కొంపలేమీ మునిగిపోవు. సంచులు శ్రీవారి భుజానికి, చెప్పుల కాపలా పుత్రరత్నానికి అప్పగించండి. ఎనిమిదో పాయింటు ఎక్కడుందో డ్రైవరుని ముందే నిలదీసి, హాయిగా మంచినీళ్లు తాగండి.

1966లో మా ప్రాంతం అట్టుడికిపోయేలా "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడి ఫ్యాక్టరీ సాధించుకున్నారు. చేతులూపుకుంటూ వెళ్లి, ఓ గంటసేపు సముద్రంకేసి చూస్తూ కూర్చోవడం కూడా హక్కేనండీ. దానికి రాస్తారోకోలు అక్కర్లేదు. వ్యానులోంచి దిగి, "నేను ఇప్పుడే రాను" అంటే చాలు.