దస్తావేజు దక్కని ఇండ్లు

నగరములలో మురికివాడలు వాటంతట అవే పుట్టునని, అందు నివసించువారి అలవాట్లే దానికి కారణమని పలువురు తలచుట కద్దు. అమెరికాలోని షికాగో నగరమున పడమటి భాగమందున్న నార్త్ లాన్‌డేల్ పేట చరిత్ర ఈ అభిప్రాయమును తలక్రిందులు చేయుచున్నది.

1950లో ఆ పేట జనాభా సుమారు లక్ష. అందు నూటికి 87 మంది శ్వేతజాతీయులు. 1960 నాటికి జనాభా 1,25,000కు పెరిగినది. నూటికి 91 మంది నల్లజాతివారైరి. ఈ మార్పు యాదృచ్ఛికము కాదు.

1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, ఇండ్లు కొనువారికి బ్యాంకులిచ్చు ఋణములకు హామీగా నిలిచెడిది. నల్లజాతివారుండు పేటలకు మాత్రము ఆ హామీ లేదు. కనుక అప్పును పుట్టలేదు. ఈ సందున దళారులు ప్రవేశించిరి. నల్లవారు వచ్చుచున్నారు, ఇక ధరలు పడిపోవునని శ్వేతజాతీయులను బెదరించి, వారి ఇండ్లను చౌకగా కొనిరి. వాటినే నల్లజాతి కుటుంబములకు ఎక్కువ ధరకు, వాయిదాల ఒప్పందముపై అమ్మిరి. కడపటి వాయిదా ముట్టువరకు దస్తావేజు అమ్మినవానిదే. ఒక్క వాయిదా తప్పిన చాలును. ఇల్లును పోవును, అంతవరకు కట్టిన సొమ్మును పోవును.

ఆ వాయిదాలకై భార్యాభర్తలిద్దరును పగలు రేయి పనిచేసిరి, గదులను అద్దెలకిచ్చిరి, మరమ్మతులు మానుకొనిరి. ఇండ్లు పాడువడెను. చూచినవారు నిందను ఒప్పందముపై గాక, అందు చిక్కినవారిపై మోపిరి.

1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ పేటలోనే కాపురముండి, ఈ దుస్థితిని లోకమునకు చాటెను. 1968 ఏప్రిల్‌లో ఆయన హత్య జరిగిన వారమునకే గృహవివక్షను నిషేధించు చట్టము వెలువడెను. ఆ యేడే కొనుగోలుదారులు సంఘముగా ఏర్పడి వాయిదాలు నిలిపివేసిరి. వందలకొలది ఒప్పందములను సవరింపజేసిరి. న్యాయస్థానములలో మాత్రము వారికి విజయము లభింపలేదు.

ఇట్టి అమ్మకముల వలన షికాగో నల్లజాతివారు పోగొట్టుకొన్నది మూడు నాలుగు వందల కోట్ల డాలర్లని 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టిరి. షికాగోను ఆనుకొనియున్న ఎవన్‌స్టన్ నగరసభ, తమ ఊర 1969 వరకు సాగిన గృహవివక్షకు పరిహారముగా కుటుంబమునకు 25,000 డాలర్ల వంతున ఇచ్చు పథకమును 2021లో ఆమోదించెను. పాత తప్పునకు నేటివారేల చెల్లింపవలెనని కొందరందురు. సామాన్య కుటుంబమునకు ఇల్లే ఆస్తి, అదే బిడ్డల చదువునకు పెట్టుబడి. తాత కోల్పోయిన ఇల్లు మనుమని లెక్కలో నేటికిని లోటుగానే ఉన్నది. చట్టము మూసిన తలుపును తెరువగలిగినది. పోయిన సొమ్మును మాత్రము తిరిగి తేలేదు.