అత్యాశ అనే తీర్పు

"అత్యాశకు పోయారు, అనుభవించారు." అగ్రిగోల్డు ప్రసక్తి వచ్చినప్పుడల్లా చదువుకున్న మిత్రులెవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. నెలజీతం నేరుగా బ్యాంకులో పడేవారికి ఎంత సులువైన తీర్పు! నేను దీన్ని ఒప్పుకోను.

విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ 2014-15 ప్రాంతంలో చెల్లింపులు ఆపేసేనాటికి డిపాజిట్‌దారులు సుమారు 32 లక్షల మంది. చిక్కుకున్న సొమ్ము ఆరు వేల కోట్లకు పైమాటే. ప్రభుత్వం 2019 నవంబరులో మొదట చెల్లించింది పదివేల రూపాయల లోపు వారికి. ఆ వరుసలోనే మూడు లక్షల పైచిలుకు మంది ఉన్నారు! ఇరవై వేల లోపువారు 2021 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఇంత చిన్న మొత్తాలు కూడబెట్టుకున్నవారా అత్యాశాపరులు?

మా చిన్నమ్మ సంగతి చెబుతాను. ఇది వేరే కథ, చిన్న కథ. ఆమె నెల్లిమర్ల జూట్‌మిల్లు కార్మికుని భార్య. మిల్లుకు లాకౌటు పడితే పొయ్యి వెలగాలి కనుక, పని నడిచిన నెలల్లోనే దాచేది. దాచింది వీధిలో ఒకాయన నడిపే, రిజిస్టరు కాని చీటీలో. "రసీదేది చిన్నమ్మా?" అని అడిగాను. "మనోడే గదేటి నాయనా, రసీదేటి?" అంది. మనోడు ఒక రాత్రి ఇంటికి తాళం పెట్టి వెళ్ళిపోయాడు.

సరే, రసీదు అడిగిన నేను ఏం చేశాను? పండక్కి వచ్చి, ఉపదేశించి, బస్సెక్కాను. బ్యాంకు ఆమె గుమ్మంలోకి రాలేదు. చీటీవాడు వచ్చాడు, వరస కలిపి పిలిచాడు, యాభయ్యో వందో చేతికందినంత పుచ్చుకున్నాడు. అగ్రిగోల్డు ఏజెంట్లూ ఇలాగే ఊళ్ళో మనుషులే. వారిలో బంధువుల ముఖం చూడలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు.

"వడ్డీ ఎక్కువంటే నమ్మకు" అన్న హెచ్చరిక కూడా చాలదు. తెలివైన మోసగాడు వడ్డీ మితంగానే చెబుతాడు. అడగవలసింది, ఈ డబ్బు తీసుకునే హక్కు నీకెవరిచ్చారు, అని. బ్యాంకయితే రిజర్వు బ్యాంకు. అక్కడ డిపాజిట్టుకు 2020 ఫిబ్రవరి నుంచి అయిదు లక్షల దాకా బీమా ఉంది. చీటీ అయితే 1982 చట్టం కింద రిజిస్ట్రారు ముందస్తు అనుమతి కావాలి, నిర్వాహకుడు హామీగా సొమ్ము జమ చేయాలి. భూమి చూపి పదిమంది డబ్బు పోగుచేసే పథకమయితే సెబీలో నమోదు ఉండాలి. అగ్రిగోల్డుకు లేనిది అదే.

అన్నట్టు, తీర్పరులైన మనమేమైనా తక్కువా? ఏటా 24 వేల చొప్పున ఇరవయ్యేళ్ళు పాలసీ కట్టి, చివర 9 లక్షలు అందుకుని మురిసిపోతాం. కట్టింది 4 లక్షల 80 వేలే కదా అని! లెక్క వేస్తే వడ్డీ ఆరు శాతానికి చేరదు. ఆ పాలసీ అంటగట్టినవాడూ మనకు బావమరిదే. మనల్నెవరూ అత్యాశాపరులనరు.

చిన్నమ్మకు ఇప్పుడు పోస్టాఫీసులో నెలకు అయిదువందల రికరింగు డిపాజిట్టు ఉంది. ఆధారు కార్డు, రెండు ఫోటోలు పట్టుకుని వెళ్ళి దాన్ని తెరిపించడానికి నాకు పట్టింది ఒక పూట. చీటీ పోయిన తొమ్మిదేళ్ళకు ఆ పూట నాకు దొరికింది.