వర్ణ దురభిమానం ఎదుట మన మౌనం

కొన్ని నెలల క్రితం హైదరాబాదు టోలీచౌకీలో ఒక వలీమా విందుకు వెళ్ళాము. మేము కూర్చున్న దస్తర్‌ఖాన్ దగ్గరే పెండ్లికుమారుని సహాధ్యాయి, సూడాన్ దేశపు యువకుడొకడు కూర్చున్నాడు. నమాజు, రోజాలలో ఏ లోటూ చేయని ఒక పెద్దాయన ఆ యువకుని మేనిఛాయపై పరిహాసంగా ఒక మాట విసిరారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేము నవ్వలేదు, తల దించుకుని పళ్ళెం వైపు చూశాము. అంతకుమించి ఏమీ చేయలేదు. ఏళ్ళ తరబడి హదీసు బోధిస్తున్న నోరు ఆ క్షణాన ఎందుకు మూతపడింది? ఈ నెల ఆ ప్రశ్ననే పాఠకుల ముందుంచుతున్నాము.

‘నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు’ అని మనలో ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఈ నమ్మకం ఎంత బలహీనమో 2009లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కెనడాలో కెర్రీ కవాకామి, ఆమె సహచరులు దానిని నిర్వహించారు. ఒక నల్లజాతి వ్యక్తి గది దాటి వెళ్ళగానే, ఒక తెల్లజాతి వ్యక్తి అతనిని గురించి నీచమైన మాట అంటాడు. ఆ సంఘటన గురించి కేవలం తెలుసుకున్నవారు, తాము అక్కడ ఉంటే ఎంతో బాధపడేవారమనీ, అలాంటి వ్యక్తితో కలిసి పనిచేయబోమనీ చెప్పారు. నిజంగా ఆ గదిలో ఉన్నవారు అంతగా కలత చెందలేదు. పైగా, తరువాతి పనికి తోడుగా వారిలో ఎక్కువమంది ఆ మాట అన్న వ్యక్తినే ఎంచుకున్నారు.

మా మౌనానికి కారణాలు వెతికితే కొత్తవేమీ కనబడలేదు: పెద్దవారి పట్ల మొహమాటం, విందు పాడవుతుందన్న భయం, ‘హాస్యమే కదా’ అన్న సర్దుబాటు. అయితే విన్నవారి మౌనాన్ని మాట అన్నవాడు అంగీకారంగానే లెక్కిస్తాడు. మాట పడినవాడూ అలాగే లెక్కిస్తాడు. ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయరాదని సూరా హుజురాత్ 11వ ఆయతు ఆజ్ఞాపిస్తుంది. చెడును చూసినవారు చేతితో, చేతకాకపోతే నాలుకతో దానిని మార్చాలనీ, మనసులో అసహ్యించుకోవడం ఈమాన్‌లో అతి బలహీన స్థాయి అనీ సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతుంది. నాలుకకు అవకాశం ఉన్నచోట మేము ఆ బలహీన స్థాయితోనే సరిపెట్టుకున్నాము.

మరి ఎలా చెప్పాలి? హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి అవమానించారు. సహీహ్ బుఖారీలో ఆ వ్యక్తి పేరు లేదు. ఆయన హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు తెలుపుతాయి. అది విని దైవప్రవక్త (స) ఊరుకోలేదు. అబూజర్‌లో అజ్ఞానకాలపు లక్షణం ఇంకా మిగిలి ఉందని ముఖం మీదే చెప్పారు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ప్రవక్త (స) ఆయనను అజ్ఞాని అనలేదు. ఆయనలో ఒక అజ్ఞానం ఉందన్నారు. మచ్చను చూపారు గాని మనిషిని వెలివేయలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహ్ అలైహ్) ఈ హదీసును ఈమాన్ ప్రకరణంలో చేర్చారు. పాపాలు అజ్ఞానకాలపు పనులే అయినా, షిర్క్ తప్ప మరే పాపమూ దానిని చేసినవానిని అవిశ్వాసిగా మార్చదన్నది ఆ అధ్యాయపు శీర్షిక సారాంశం.

మనస్తత్వ శాస్త్రం కూడా ఇదే దారి చూపుతుంది. ‘నువ్వు చెడ్డవాడివి’ అని వినగానే మనిషి తన పరువు కాపాడుకునే పనిలో పడతాడు. ‘నీ మాట తప్పు’ అంటే ఆ మాటను గురించి ఆలోచించడానికి కొంత చోటు మిగులుతుంది. చోప్, మాంటీత్, మార్క్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, దురభిమానాన్ని ఎత్తిచూపించుకున్నవారు తరువాత అలాంటి మాటలు తగ్గించుకున్నారు. కటువుగా చెప్పినా, మృదువుగా చెప్పినా ఆ తగ్గుదల కనిపించింది. కటువుగా చెప్పినప్పుడు మాత్రం చెప్పినవారిపై కోపం పెరిగింది. చోప్, మాంటీత్‌లే 2003లో మరో సంగతి గమనించారు: అవమానం పొందిన వర్గంవారు ఎత్తిచూపినప్పటి కంటే, ఆ వర్గానికి చెందనివారు ఎత్తిచూపినప్పుడు తప్పు చేశామన్న భావన ఎక్కువగా కలుగుతుంది. అంటే ఆనాడు మాట్లాడవలసిన బాధ్యత ఆ సూడాన్ యువకునిది కాదు, మాది.

వారం తరువాత పెద్దాయన ఇంటికి వెళ్ళాము. నలుగురిలో కాక, ఏకాంతంలో చెప్పాము. ముందుగా, ఆ రోజు మౌనంగా ఉండడం మా తప్పని ఒప్పుకున్నాము. నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీదనే ఏసీ గార్డ్స్ ఏర్పడిందనీ, అక్కడి సిద్దీలు తరతరాలుగా మన ఊరివారేననీ గుర్తుచేశాము. “హాస్యానికి అన్నాను మౌలానా” అంటూ ఆయన ముఖం చిట్లించారు. కొన్నాళ్ళు మా సలాముకు ముభావంగానే బదులిచ్చారు. కాని ఆ మాట మళ్ళీ ఆయన నోట మేము వినలేదు.

ఆ యువకుని గదికీ వెళ్ళాము. సూడాన్‌వాడు కనుక అరబీలో మాట్లాడుకున్నాము. ఆ దస్తర్‌ఖాన్ వద్ద అతని భాష తెలిసినవారము మేమొక్కరమే అన్న సంగతి అప్పుడు మమ్మల్ని మరింత సిగ్గుపరచింది. మన్నించమని కోరితే అతడు చాయ్ అందిస్తూ అన్నాడు: “ఆయన మాట నాకు అర్థం కాలేదు. మీరు తల దించుకోవడం చూసి అర్థమైంది.”

ప్రియ సోదరీ సోదరులారా! కోడలి రంగు గురించి, బిడ్డ ఛాయ గురించి మన ఇండ్లలో దొర్లే మాటలు కూడా ఈ కోవలోనివే. పిల్లల ముందు ఆ మాట వినబడినప్పుడు, “ఈ మాట మనకు తగదు” అని మెల్లగా అనండి చాలు. ఫలితం ఆనాడే కనబడకపోవచ్చు. ఎంతోకాలం తరువాత రబజాలో హజ్రత్ అబూజర్ (రజి) తన సేవకునికీ తనలాంటి దుస్తులే తొడిగి కనిపించారు. కారణమేమని అడిగితే, ఆనాటి మందలింపునూ, తాను తినేదే సేవకునికి పెట్టి, తాను తొడిగేదే అతనికి తొడిగించాలన్న ప్రవక్త (స) ఆదేశాన్నీ చెప్పారు.

తప్పును చెప్పే ధైర్యాన్నీ, చెప్పించుకునే వినయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.