అమ్మతో లండన్: ఒక రోజు, ఒక చోటు

వేసవి వచ్చిందంటే ఐరోపా నగరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళ ఇళ్ళకు అమ్మానాన్నలు వస్తారు. ఆవకాయ సీసాలు, కందిపొడి డబ్బాలు సంచుల్లోంచి బయటపడిన వారానికే ఊరు చూపించే కార్యక్రమం మొదలవుతుంది. లండన్‌లో ఆ జాబితా దాదాపు అందరికీ ఒకటే. పొద్దున టవర్, పక్కనే వంతెన, రాజప్రాసాదం ముందు సైనికుల కవాతు, మధ్యాహ్నం మైనపు బొమ్మలు, సాయంత్రం నది ఒడ్డున పెద్ద చక్రం. రాత్రి ఇల్లు చేరేసరికి కెమెరాలో రెండు వందల ఫోటోలు, అమ్మ పాదాలకు వాపు.

ఈ పద్ధతి మానుకోవాలని నా అభిప్రాయం. పెద్దవాళ్ళతో బయలుదేరిన రోజున ఒక్క చోటు చాలు. మిగిలిన పొద్దంతా కూర్చోవడానికి అట్టేపెట్టాలి.

మొదటి కారణం శరీరం. లండన్ మెట్లు ఎక్కించే ఊరు. సెయింట్ పాల్స్ గోపురం చిట్టచివరికి చేరాలంటే 528 మెట్లు. భూగర్భ రైలు 1863లో మొదలైంది. నేటికీ దాని స్టేషన్లలో చాలావాటికి వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న తల్లి ఇవన్నీ ఎక్కుతుంది, దిగుతుంది, కానీ నోరు విప్పదు. టిక్కెట్టు ధరను మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, ఇంత ఖర్చు పెట్టాక వద్దంటే కొడుకు బాధపడతాడని ఊరుకుంటుంది. కొడుకేమో, ఇంత దూరం వచ్చిన తల్లికి అన్నీ చూపించకపోతే ఎలాగని పరుగెత్తిస్తాడు. ఒకరి కోసం ఒకరు నడుస్తూ, ఇద్దరికీ అక్కరలేని రోజునొకదాన్ని ఇద్దరూ కలిసి పూర్తి చేస్తారు. ప్రేమ లేక జరిగేది కాదిది. ప్రేమను అడిగి తెలుసుకోకపోవడం వల్ల జరిగేది.

రెండో కారణం చూపు. కవాతులూ గడియార స్తంభాలూ అమ్మ టీవీలో చూసినవే. వాటి ముందు ఆవిడ ప్రేక్షకురాలు మాత్రమే. తనకు తెలిసిన సంగతి ఏదో ఒకటి తారసపడే చోటికి తీసుకెళ్ళి చూడండి, చూపించేవారు ఎవరో చూసేవారు ఎవరో తారుమారైపోతుంది.

మా అమ్మ వచ్చినప్పుడు మేం చూసినది బ్రిటిష్ మ్యూజియం ఒక్కటే, అందులోనూ ముఖ్యంగా 33ఎ గది. అమరావతి స్తూపం నుంచి వచ్చిన పలకలు అక్కడ ఉన్నాయి. 1797లో మెకంజీ ఆ దిబ్బను చూసేనాటికే దాని రాళ్ళు స్థానిక కట్టడాలకు తరలిపోతున్నాయి. అతను 1816లో మళ్ళీ వచ్చి కొలతలు, చిత్రాలు రాయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన పలకలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు వచ్చి, 1880లో ఈ మ్యూజియంలో స్థిరపడ్డాయి. నాకు తెలిసినది ఇంతే. దారిలో బస్సులో చెప్పేశాను.

లోపలికి వెళ్ళాక మాటలన్నీ అమ్మవే. "ఇది మన పల్నాటి రాయేరా" అంది మొదట. స్త్రీల కాళ్ళకున్న బరువైన కడియాలను, మొలనూళ్ళను పేరుపేరునా చూసింది. పూర్ణఘటం ముందు ఆగి, పెళ్ళిలో కలశం పెట్టే తీరు చెప్పింది. ఒక పలకపై క్రీస్తుపూర్వం బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని చెక్కారనీ, కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారనీ నేను చెబితే, "పాత చీరను బొంత కుట్టుకున్నట్టు" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కార్తీకమాసంలో ఎన్నిసార్లు వెళ్ళామో అమరావతి. అమరేశ్వరుణ్ణి చూసుకుని బస్సెక్కేవాళ్ళం. ఆ దిబ్బ దగ్గరికి ఒక్కసారీ పోలేదు. ఇవి ఇక్కడికి ఎందుకొచ్చాయని వీళ్ళనడుగుదామంటే, అక్కడ ఉన్నవి నువ్వు చూశావా అంటారేమోరా" అంది.

ఆ రాళ్ళు ఎవరివన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు. ఆ వాదన వేరు, అది చెయ్యవలసిందే. కాని అరవై దాటిన మనిషి తన ఊరి గురించి తానే ఒక ప్రశ్న వేసుకోవడానికి ఒక పూట తీరిక కావాలి. వేళకల్లా కవాతు దగ్గరుండాలి అనుకునేవాళ్ళకు ఆ తీరిక దొరకదు.

బయటికొచ్చి దగ్గరలోని రస్సెల్ స్క్వేర్ తోటలో బల్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. అమ్మ తన చిన్ననాటి కృష్ణాస్నానాల గురించి చెప్పింది. అవి నేనెన్నడూ విననివి.

ఇంత ఖర్చు పెట్టి వచ్చారు, మళ్ళీ వస్తారో రారో, అన్నీ చూడకపోతే ఎట్లా అంటారు కొందరు. మళ్ళీ రాకపోవచ్చు గనకనే అంటున్నాను. మిగిలిన రోజులు లెక్కకు అందేంత తక్కువైనప్పుడు వాటిని క్యూలలో నిలబెట్టడం దుబారా. డెబ్భై ఏళ్ళకూ అలుపెరగక గోపురాలెక్కే తండ్రులు లేకపోలేదు. వారిని ఆపమనడం లేదు, ముందుగా అడగమంటున్నాను. "చూస్తావా అమ్మా?" అంటే "నీ ఇష్టం నాయనా" అనే అంటారు. అది జవాబు కాదు. "ఈ రెండింట్లో ఏది మానేద్దాం?" అని అడగండి, అసలు సంగతి తెలుస్తుంది.

భూగర్భ రైలు బదులు బస్సెక్కండి. వాటికి ర్యాంపులుంటాయి, కిటికీలోంచి ఊరూ కనబడుతుంది. థేమ్స్ గట్టున బల్లలున్నాయి, వాటికి టిక్కెట్టు లేదు. ఊరు ఎక్కడికీ పోదు. దాన్ని తర్వాత మనం ఒంటరిగానైనా చూసుకోవచ్చు.