ఆయుధము గలదు, గుఱి లేదు

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమున దూరపు గుఱికాల్పు నేర్పు మైదానమొకటి యుండవలెనని మేమనినంతనే కొందఱు మిత్రులు నవ్విరి, కొందఱు కోపించిరి. నవ్వినవారికి ప్రత్యుత్తరమక్కఱలేదు. కోపించినవారి మాటలో సత్యము కొంత యున్నది గనుక వారితోడనే మా వాదము. "నాటుబాంబులచేతను వేటకొడవళ్లచేతను తల్లుల కడుపులు కాలిన సీమ యిది. ఇచట తుపాకి నేర్పుడనుట అగ్నిలో ఆజ్యము పోయుట గాదా?" యని వారి ప్రశ్న.

దీనికి బదులు చెప్పుటకు ముందు 1860వ సంవత్సరమును పాఠకులొకసారి జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఆ యేడు జూలైలో లండను దాపున వింబుల్డను మైదానమున విక్టోరియా రాణి విట్వర్తు రైఫిలునకు గట్టిన పట్టుత్రాడును లాగి, నన్నూఱు గజముల దూరమందలి గుఱిపై మొదటి గుండు పేల్చినది. రైఫిలును ముందే పీఠమునకు బిగించి, గుఱికి సరిచూచి యుంచిరి. రాణిగారి నేర్పును గూర్చి మఱేమియు ననుకొననక్కఱలేదు. కాని దాని యర్థము స్పష్టము. అంగడివాడును, గుమాస్తాయు, వకీలును సెలవుదినమున రైఫిలు నేర్వవలెనని ఆ దేశమున రాజ్యమే ప్రోత్సహించెను. అదే 1860లో ఈ దేశమున ముప్పదియొకటవ ఆక్టు పుట్టెను. దాని పని ప్రజల చేతులలోని యాయుధములను ఊడదీయుట. ఒకే సింహాసనము, ఒకే సంవత్సరము, రెండు నీతులు! పిమ్మట 1878లో లిట్టను ప్రభువు పాలనమున ఆయుధముల చట్టము వచ్చినది. దేశభాషాపత్రికల నోరు గట్టిన చట్టమును ఆ యేటిదే. యూరోపియనులకు ఆ లైసెన్సుల బాధ లేకుండెను. రైలుకంపెనీల వాలంటీరు రైఫిలు దళములలో దొరలకును ఆంగ్లో ఇండియనులకును మాత్రమే చోటు. ఆదవాని మీదుగా పోవు రైలును నడపుటకు మన చేతులు పనికివచ్చెను గాని, ఆ రైలును గాచు రైఫిలు పట్టుటకు పనికిరాలేదు.

పెద్దబోరు తోటాల కథ యింకను చిత్రమైనది. 1871లో బ్రిటిషు సైన్యమునకు వచ్చిన మార్టినీ హెన్రీ రైఫిలు గుండు 480 గ్రెయినుల సీసము; మన తూకమున రెండున్నర తులములకు మించును. దానిని తోయునది 85 గ్రెయినుల నల్లమందు, అనగా అరతులమునకు లోపు. అంత బరువైన గుండు మెల్లగా బయలుదేఱి, వేయి గజములు చేరుటకు సుమారు మూడు సెకనులు దీసికొనును. దారిలో ఇంద్రధనుస్సువలె వంగి దిగును. ఆ మూడు సెకనులలో గాలి ఎటు వీచునో, దూరము పది గజములు తప్పిన ఎంత క్రిందికి దిగునో లెక్కింపలేనివానికి గుఱి తగులదు. 1874లో న్యూయార్కు చెంత క్రీడుమూరు మైదానమున ఐర్లండువారికిని అమెరికావారికిని 800, 900, 1000 గజముల పందెము జరుగగా, అమెరికావారు 934కు 931గా మూడంకములతో గెలిచిరి. ఐర్లండువానిదొక గుండు ప్రక్కవాని గుఱికి తగులుటచే అది లెక్కకు రాకపోయెను. ఓడినది బలము గాదు, ఒక క్షణపు పరధ్యానము. ఈ విద్య కండబలమునది కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇట్టి రైఫిళ్లను భారత సిపాయిలకు ఎట్లిచ్చిరి? 1857 తరువాత వారి తుపాకుల గొట్టములలోని గాడులను తొలిచివేసి నున్నజేసిరి, దూరము కొట్టకుండునట్లు. తెల్లసిపాయికి మార్టినీ వచ్చినపుడు నల్లసిపాయికి స్నైడరు. తెల్లవానికి లీ మెట్ఫర్డు వచ్చిన పిమ్మట నల్లవానికి మార్టినీ. 1907 ప్రాంతమున .450 బోరునే ఈ దేశమున నిషేధించిరి, మార్టినీ తుపాకులు పట్టిన తిరుగుబాటుదారులకు తోటాలు చిక్కునను భయముచేత. అంతట ఆంగ్ల తుపాకి వర్తకులు .470 అనియు .465 అనియు క్రొత్త బోరులు చేసి, మహారాజులకును వేటదొరలకును అమ్ముకొనిరి. నిషేధము తిరుగుబాటుదారునికి, బేరము తమకు!

మన సీమ సంగతి చూతము. 1800లో దత్తమండలములు కుంపిణీ చేతికి వచ్చినపుడు ఎనుబదిమంది పాళెగాండ్రును వారి క్రింద సుమారు ముప్పదివేల సాయుధులును ఉండిరి. మన్రో కలెక్టరు ఏడేండ్లలో వారి బలమునణచెను. 1839లో కర్నూలు నవాబు కోటలో ఫిరంగులు దాచెనని ఆయన రాజ్యమునే లాగికొనిరి. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గైకొనవలసి వచ్చుటకును కారణమిదియే: అవి ప్రజల యిండ్లలో లేవు. అహింసామూర్తియైన గాంధిమహాత్ముడే 1918లో ఆయుధముల చట్టమును ఆంగ్లపాలనపు మిక్కిలి నల్లని యపరాధముగా లెక్కించెను. 1931 కరాచి కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును కోరెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామతుగారు దానిని మరల ప్రతిపాదింపగా అంబేద్కరుగారు నిరాకరించిరి; నేరస్థులును దానిని హక్కుగా గోరుదురని వారి భయము. పాఠకులు ఆశ్చర్యపడవచ్చును గాని, ఈ విషయమున మేము అంబేద్కరుగారి పక్షము. ఇంటింటికి తుపాకి మేము కోరుటలేదు.

మఱి మా ఫిర్యాదేమి? 1878 చట్టము పోయి 1959 చట్టము వచ్చినది. మనుష్యుల బుద్ధి మాత్రము 1878నాటిదే. మన ప్రాంతమున లైసెన్సు తుపాకి నేర్పునకు గుర్తు కాదు, అంతస్తునకు గుర్తు. పెండ్లి యూరేగింపులో భుజముపై దాని నిలువెత్తు దర్శనము. ఎన్నికలు వచ్చినపుడు ఠాణాలో దాని సెలవు. అదే తుపాకితో మున్నూఱు మీటర్ల దూరమందలి కాగితమును కొట్టుమనిన, ఆ యజమానులలో నెందఱు ముందుకు వత్తురు? వేయి గజముల మాట చెప్పనే యక్కఱలేదు.

1959 చట్టపు పదుమూడవ సెక్షనును చదువుడు. కేంద్రప్రభుత్వము గుర్తించిన రైఫిలు క్లబ్బు సభ్యుడు గుఱికాల్పు నిమిత్తము .22 బోరు రైఫిలునకు దరఖాస్తు పెట్టినచో, అధికారి లైసెన్సు "ఇయ్యవలెను" అని యున్నది, "ఇయ్యవచ్చును" అని కాదు. చట్టము వేఱుగ నిషేధించినచోటులు మాత్రము మినహాయింపు. మా వృత్తిలోనివారికి ఆ రెండు మాటల నడుమ ఎంత అగాధమున్నదో తెలియును. తలుపు తెఱచియే యున్నది. లోనికి బోవుటకు క్లబ్బు కావలెను, క్లబ్బునకు మైదానము కావలెను. అట్టిది మన రెండు పట్టణముల నడుమ నెక్కడనున్నదో చూపగలవారు చూపుడు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నాటుబాంబునకు గుఱి యక్కఱలేదు. విసరినవానికి అది ఎవనిపై బడునో తెలియదు, తెలియవలెనను కోరికయు లేదు. కక్షలోనున్నది గుఱిలేని చేయి. మైదానమున మొదటి పాఠము పేల్చుట కాదు: తోటా తీసి గది తెఱచి చూపుట, ఎదుట మనుష్యుడున్నంతవఱకు రైఫిలును ముట్టకుండుట, ఒక్కొక్క తోటాకు లెక్క యొప్పజెప్పుట. ఇది నేర్చిన యువకునకును చీకటిలో డొంకవెంట బాంబు విసరువానికిని పోలికయేమి? అయినను మా మిత్రుల భయము నిరాధారము గాదు. కావున మా షరతులు మేమే చెప్పుచున్నాము. రైఫిలు సభ్యుని యింటికి పోరాదు, సంఘపు గదిలోనే యుండవలెను. కక్షలలో పేరుపడిన కుటుంబమువారికి కార్యవర్గమున చోటుండరాదు. ఈ రెంటికి ఒప్పనివారు మైదానము కోరినచో, దానిని ఎదిరించుటలో మేమే ముందుందుము.

డబ్బున్నవారి యాట యనుమాటయు వింటిమి. ఒంటరిగా కొన్న యెడల నిజమే. కాని 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతపనివారిని సహకారసంఘముగా గూర్చినపుడు మాత్రము ఒక్కొక్క మగ్గమువాని చేతిలో పెట్టుబడి యుండెనా? పది రైఫిళ్లు సంఘపు సొత్తైన నూఱుగురు నేర్వవచ్చును. 2024లో పారిసు ఒలింపిక్సున కంచుపతకము గెలిచిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టిక్కెట్లు పరీక్షించు నుద్యోగిగా నుండెను, బడిపంతులు కుమారుడు. 2012లో లండనులో గెలిచిన గగన్ నారంగు హైదరాబాదున పెరిగినవాడు. కర్నూలు జిల్లా పడమటి తాలూకాల పిల్లలకు కన్నులు లేవా?

స్థలమునకు కొదువ లేదు. బరువైన గుండ్లకు వెనుక కొండ యుండవలెను. ఆదవాని చుట్టును దేవుడు కొండలనే పోసినాడు. ఔరంగజేబు సేనాని ఫిరంగులను జుమ్మామసీదువైపు త్రిప్పగా, తాను కట్టించిన మసీదు కూలుట చూడలేక సిద్ది మసూదుఖాను కోట విడిచెనని పెద్దలు చెప్పుదురు. అట్టి యూరికి గుఱి యననేమో మేము నేర్పవలెనా? నల్లరేగడి ప్రత్తిచేలమీద ఆషాఢమున వీచు పడమటిగాలిలో గుఱి నేర్చినవానికి ఏ దేశపు మైదానమైనను సులభమే యగును.

మొదట గాలితుపాకులు, పిదప .22, అటుపిమ్మట మున్నూఱు మీటర్ల పెద్దబోరు, మా క్రమమిది. సంఘపు నిబంధనల ముసాయిదా మా యొద్ద సిద్ధముగా నున్నది. దానిని ఉభయపట్టణముల పఠనమందిరములకు ఈ వారమే పంపుచున్నాము. మొదటి సంతకములు ఎమ్మిగనూరు నేతగాండ్రవి పడవలెననియు, ఆదవాని ప్రత్తివర్తకులవి తరువాత రావలెననియు మా కోరిక; వర్తకులు కోపింతురేని వారే ముందుగా వచ్చి సంతకము చేయవచ్చును.