హెచ్‌ఆర్ మేడమ్ మంచిదే. మరి మన గంటలు ఎటు పోయినయ్?



పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. "మాది శానా పెద్ద కంపెనీ అన్నా. హెచ్‌ఆర్ మేడమ్ మంచిది. ఏమన్నా ఉంటే నా దగ్గరికి రండి అని ఇండక్షన్ రోజే చెప్పింది. మనకెందుకు ఈ యూనియన్లు, కంప్లైంట్లు?" అన్నడు. చానామంది దానికి దండాలు పెట్టిన్రు. నేను ఆ రోజు ఏం అనలేదు. ఇప్పుడు రాస్తున్న. కోపమొస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు చెప్తా. కొన్నేండ్ల కింద ఇదే డాక్‌ల్యాండ్స్‌లో ఒక సైట్ మీద నేను సూపర్‌వైజర్‌ను. ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, మీ గ్యాంగ్‌తోని సంతకాలు పెట్టించు అన్నరు. "మేము రోజుకు గంట బ్రేక్ తీసుకుంటున్నం" అని దాంట్లో ఉంది. మావాళ్లు తీసుకునేది అరగంట. కాంక్రీట్ పోసే రోజు అది కూడా సరిగ్గా దొరకదు. నేను పదో తరగతి చదివినోణ్ణే, కానీ ఆ కాగితం నాకు అర్థమైంది. అయినా పదకొండుమందితో పెట్టించిన. వాళ్లు కాగితం చదవలేదు, నా మొఖం చూసి పెట్టిన్రు.

లెక్క చూడండి. రోజుకు అరగంట అంటే వారానికి రెండున్నర గంటలు. సెలవులు తీసేసి ఏడాదికి 46 వారాలు అనుకుంటే 115 గంటలు. 2025 కనీస వేతనం గంటకు 13.50 యూరోలు. ఆ లెక్కన వేసినా ఒక్కొక్కరికి 1,552 యూరోలు, పదకొండుమందికి కలిపి 17 వేల పైనే. కట్టుబడి పనికి చట్టం పెట్టిన రేటు దానికంటే ఎక్కువే, అంటే పోయింది ఇంకా ఎక్కువ. సైట్ అయిపోయి ఏడాది దాటినంక ఇద్దరు నన్ను అడిగిన్రు, "అన్నా, నీకు ముందే తెలుసా?" అని. తెలుసు అన్న. క్షమించమన్న. పైసలు మాత్రం ఇప్పించలేకపోయిన.

ఆ కాగితం పంపిన మేడమ్ చెడ్డది కాదు. దీపావళికి మాకు స్వీట్లు పంచింది. మరి మంచి మనిషి అట్లాంటి కాగితం ఎందుకు పంపింది? ఎందుకంటే పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్ సొంత మనసుతో నడవదు. అది తక్కెడ లాంటిది. ఎటు బరువుంటే అటు మొగ్గుతది. ఆ బరువులు ఏందో తెలిస్తే మనం ఎక్కడ నిలబడాలో తెలుస్తది.

మొదటి బరువు పైసల గొలుసు. పైన బిల్డింగ్ ఓనర్, ఆయన కింద మెయిన్ కాంట్రాక్టర్, ఆయన కింద సబ్ కాంట్రాక్టర్, ఆ కింద ఏజెన్సీ, అందరి కింద మనం. పైనోడు రేటు కోస్తే కిందోడు గంటలు కోస్తడు. మా నాయన పాలమూరు లేబర్, శ్రీశైలం డ్యామ్ పనికి పోయినోడు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీస్కపోయేటోడు, లెక్క ఆయన నోట్‌బుక్కులనే ఉండేది. ఇక్కడ నోట్‌బుక్ కంప్యూటర్ అయింది, అంతే తేడా.

రెండో బరువు గిరాకీ. ఇప్పుడు ఐర్లాండ్‌లో ఇండ్ల కరువు ఉంది, కట్టేటోళ్లు కావాలె, అందుకే మాటలు తియ్యగ ఉన్నయ్. 2008లో బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఏమైందో పాత పోలండ్ కార్మికులను అడగండి. నార్త్ వాల్ కీ మీద ఇప్పుడు సెంట్రల్ బ్యాంక్ ఉన్న బిల్డింగ్, అప్పుడు ఆంగ్లో ఐరిష్ బ్యాంక్ కోసం మొదలుపెట్టింది. పని ఆగిపోయి ఏండ్లకేండ్లు బొక్కలగూడు లెక్క నిలబడ్డది. గిరాకీతో వచ్చిన మర్యాద గిరాకీతోనే పోతది.

మూడో బరువు మెషీన్. గేటు దగ్గర కార్డు గీకుతం, మొఖం చూపిస్తం. అయిదు నిమిషాలు లేటైతే అది పట్టుకుంటది. అరగంట ఎక్కువ పనిచేస్తే మాత్రం ఎవరూ చూడరు. కానీ ఆ రికార్డు మీ గురించినది. 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ చట్టం కింద మీ సమాచారం కాపీ మీరు అడగొచ్చు. మామూలుగా నెలలోపు ఇవ్వాలె, ఫీజు లేదు.

నాలుగో బరువు చట్టం. ఐర్లాండ్ చట్టం మనకు చానా ఇచ్చింది. పనిలో చేరిన అయిదు రోజుల్లో ముఖ్యమైన షరతులు రాసి ఇవ్వాలె. ప్రతి జీతానికి పే స్లిప్ ఇవ్వాలె. ఏజెన్సీ మనిషికైనా మొదటి రోజు నుంచే, అదే పనికి కంపెనీ సొంత మనిషికి ఇచ్చే మూల జీతం ఇవ్వాలె, ఇది 2012 చట్టం. పర్మిట్ మీద వచ్చినోని పాస్‌పోర్టు దాచుకోవద్దు, తెచ్చిన ఖర్చు జీతంలో కోయొద్దు, ఇది 2006 చట్టం. కానీ చట్టం తనంతట తాను నడిచి మన క్యాబిన్‌కు రాదు. ఎవరో ఒకరు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టాలె. ఫీజు లేదు. గడువు ఆరు నెలలు, గట్టి కారణం ఉంటే పన్నెండు దాకా పొడిగిస్తరు. నా పదకొండుమంది అక్కడనే ఓడిపోయిన్రు.

అయిదో బరువు మనమే, కలిసి ఉంటే. కస్టమ్ హౌస్ పక్కన, లిఫీ ఒడ్డున 16 అంతస్తుల లిబర్టీ హాల్ రోజూ చూస్తరు కదా. అది సిప్టు యూనియన్ ఆఫీసు. 1913లో ఇదే ఊర్లో విలియం మార్టిన్ మర్ఫీ అనే పెద్ద యజమాని, ఆయన వెనక వందల యజమానులు, కార్మికుల ముందు ఒక కాగితం పెట్టిన్రు: జిమ్ లార్కిన్ యూనియన్‌లో ఉండం అని సంతకం చెయ్యి, లేకపోతే పని లేదు. సుమారు 20 వేలమందికి పని బందయింది. పిల్లలు పస్తులున్నరు. 1914 మొదట్లో వాళ్లు ఓడిపోయి పనికి తిరిగిపోయిన్రు, అది దాచను. కానీ యూనియన్ చావలేదు. అప్పుడు హెచ్‌ఆర్ అనే పేరు లేదు, సంతకం కాగితం మాత్రం ఉంది.

2005లో ఐరిష్ ఫెర్రీస్ ఓడల మీద ఉన్నోళ్లను తీసేసి, తూర్పు యూరప్ నుంచి ఏజెన్సీ మనుషులను గంటకు 3.60 యూరోలకు పెట్టుకుంటమన్నరు. డిసెంబర్ 9న దేశమంతా లక్షమంది దాకా రోడ్డు మీదికి వచ్చిన్రు. ఐరిష్‌వాళ్లు బయటి కార్మికుని రేటు కోసం నడిచిన్రు, ఎందుకంటే వాని రేటు పడితే తమ రేటు కూడా పడతదని తెలుసు. ఆఖరికి ఏజెన్సీ వాళ్లకు కూడా అప్పటి కనీస వేతనం 7.65 ఇయ్యాల్సి వచ్చింది. ఆ ఆఫీసులో మనుషులు మారలేదు, బరువు మారింది.

"అన్నా, మనం బయటోళ్లం, నోరు తెరిస్తే పర్మిట్ పోతది" అంటరు. ఆ భయం నాకూ ఉండె. కానీ 2024 సెప్టెంబర్ నుంచి చట్టం మారింది. మొదటి పర్మిట్ మీద పని మొదలై 9 నెలలు నిండితే, అదే రకం పనికి వేరే యజమాని దగ్గరికి మారడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూనియన్‌లో చేరినందుకు తీసేస్తే అది అన్యాయం అని 1977 చట్టమే చెప్తది, దానికి ఏడాది సర్వీసు కూడా అవసరం లేదు. ఇంకో నిజం కూడా వినండి. కంపెనీ యూనియన్‌తో కూర్చొని మాట్లాడి తీరాలనే బలవంతం ఇక్కడి చట్టంలో లేదు. అందుకే ఒక్కడు చేరితే లాభం తక్కువ. గ్యాంగ్ మొత్తం చేరాలె.

నా తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట. హెచ్‌ఆర్ మన సైట్‌కు రోజూ రాదు. దాని చెయ్యి మనమే. మనోళ్లతోని సంతకం పెట్టించమంటే ముందు తెలుగులో చదివి వినిపించండి. వినిపించలేని కాగితం అయితే పెట్టించకండి. మన కుర్చీ పోతదేమో అని నేను భయపడ్డ. ఇయ్యాల ఆ కుర్చీ లేదు, ఆ ఇద్దరి మొఖాలు మాత్రం యాదికున్నయ్.

తమ్ముళ్లకు చెప్పేది ఇంతే. వచ్చిన టైం, పోయిన టైం, బ్రేక్ ఎంతసేపో రోజూ ఫోన్‌లో రాసుకోండి. పే స్లిప్ ఫోటో తీసి పెట్టుకోండి. అర్థంకాని కాగితం వస్తే "రేపు ఇస్తా" అని చెప్పి, ఈ గ్రూపులో పెట్టండి. పేర్లు చెరిపి పెట్టండి, చదివి చెప్పేటోళ్లు ఉన్నరు. మేడమ్‌కు నమస్తే పెట్టండి, మర్యాదగా మాట్లాడండి. కానీ అడిగేది రాసి అడగండి, జవాబు రాసి ఇమ్మనండి.

వచ్చే ఆదివారం మీ గత నాలుగు వారాల పే స్లిప్‌లు, మీరు రాసుకున్న గంటలు పట్టుకొని రండి. కలిసి కూర్చొని లెక్క చూద్దాం. నేను పదకొండుమందికి బాకీ ఉన్న. పన్నెండో మనిషి మీరు కావొద్దు.

మీ సైట్‌లో తెలుగోళ్లందరికీ పంపండి.