మన బాటికి హాస్టల్లో చోటేది?

ఇప్పుడు పట్నంలో జొన్నకు మంచిరోజులొచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అడిగి ప్రకటింపజేసింది మన దేశమే. షుగర్ ఉన్న పెద్దసార్లు సాయంత్రంపూట భువనగిరిలోనో ఉప్పల్‌లోనో బండి దగ్గర ఆగి, వేడివేడి జొన్నరొట్టెలు కట్టించుకొని పోతున్నారు. ఆ బండ్ల మీద రొట్టె తట్టే చేతుల్లో మన తండాల ఆడబిడ్డల చేతులు తక్కువేం కాదు. మరి అదే రొట్టె ఆ తల్లి బిడ్డ చదివే హాస్టల్ పళ్లెంలో ఎందుకు లేదు? గిరిజన టీచర్లుగా మేం అడుగుతున్నది ఇదే.

మన గోర్‌బోలిలో రొట్టెను బాటి అంటాం. తిన్నావా అని అడగాలంటే బాటి తిన్నావా అనే అడుగుతాం. బడిలో మాత్రం పిల్ల "పొద్దున బాటి తిన్న" అంటే, "అన్నం తిన్నాను అనాలి" అని దిద్దే టీచర్లు ఇంకా ఉన్నారు. భాష దిద్దుతున్నామని వాళ్లనుకుంటారు. దిద్దుతున్నది పళ్లాన్ని. తినని అన్నాన్ని తిన్నానని చెప్పడం నేర్చుకున్న పిల్ల, ఆ తర్వాత ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నా మూత తీయకుండానే తింటుంది.

మేం చూసిన ఒక హాస్టల్లో పండుగ మరునాడు ఓ తండ్రి కొడుక్కోసం టిఫిన్ డబ్బాలో సళోయి తెచ్చాడు. మేక నెత్తురు, కార్జం, పేగులు కలిపి కారం దట్టించి వండే కూర అది. తండాలో దానికోసం కొట్లాడుకుంటారు. పిల్లవాడు డబ్బా తీసుకుపోయి గోడవతల పారబోసి వచ్చాడు. తోటి పిల్లలు చూస్తే "నెత్తురు తాగేటోళ్లు" అంటారని భయం. అదే బడిలో ఆడపిల్లలకు రక్తం తక్కువుందని వారానికోసారి ఐరన్ మాత్ర మింగిస్తారు. మాత్ర వద్దని మేం అనం, అవసరమే. కానీ ఇనుము మాత్రలో ఉంటే వైద్యం, మేక నెత్తురులో ఉంటే అనాగరికం! ఈ లెక్క ఏ సైన్సు పుస్తకంలో ఉందో మాకు చూపించండి.

మనలోనే కొందరు చదువుకున్నవాళ్లు ఇంకో మాట ఎత్తుకున్నారు. సేవాలాల్ మహరాజ్ మాంసం ముట్టలేదు, కాబట్టి అసలైన బంజారా తిండి శాకాహారమేనట. మన పెద్దలకు ఈ చిక్కు ఎప్పుడూ రాలేదు. సేవాలాల్‌కు గోధుమ, బెల్లంతో భోగ్ పెట్టారు. మేరామ యాడికి మేకను కోశారు. సీత్లాకు గుగ్గిళ్లు ఉడికించారు. తీజ్‌కు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోశారు. ఏ దేవతకు ఏది ఇష్టమో తెలిసి వండినవాళ్లు వాళ్లు. ఇందులో ఒకదాన్ని ఉంచుకొని మిగతావాటికి సిగ్గుపడమని చెప్పేవాళ్లు మనల్ని సంస్కరిస్తున్నారో, ఎవరికోసమో శుభ్రం చేస్తున్నారో యువకులు ఆలోచించాలి.

గుట్ట సంగతే తీసుకుందాం. 2022 మార్చిలో కొత్త గుడి తెరిచాక యాదగిరిగుట్టకు జనం పోటెత్తుతున్నారు. లడ్డు, పులిహోర చేతబట్టి దిగుతున్నారు. స్వామివారి ప్రసాదం స్వామివారిది, మాకు పేచీ లేదు. కానీ నరసింహస్వామి మనువాడింది చెంచులక్ష్మిని అని ఊరూరా కథ చెప్పుకుంటారు, సినిమాలు కూడా తీశారు. ఆమె పుట్టింటి తిండి ఏమిటని అడిగినవాళ్లను మేం చూడలేదు. నల్లమల చెంచులు గడ్డలు, తేనె, ఇప్పపూలు, తునికిపండ్లు తిని బతికారు. చింతపండులో బూడిద కలుపుకొని తిన్నారు. దీన్ని వింతగా చెప్పుకునేవాళ్లున్నారు. వింతేముంది? బూడిదలోని క్షారం చింతపండు పులుపును విరుస్తుంది. ల్యాబు లేకుండా తెలుసుకున్న రసాయనశాస్త్రం అది.

ఇలాంటి తెలివే ఇంకో ఖండంలో లోకాన్ని మెప్పించింది. మనం రోజూ తినే మిరపకాయ, మక్క మొదట పండిన మెక్సికో ప్రాంతపు ఆదివాసులు మక్కగింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ పిండితోనే వాళ్ల రొట్టె. సున్నం వల్ల మక్కలో చిక్కుకొని ఉన్న ఒక విటమిన్ ఒంటికి అందుతుంది. దండెత్తి వచ్చిన యూరప్‌వాళ్లు మక్కను పట్టుకెళ్లారు, సున్నాన్ని వదిలేశారు. ఫలితంగా ఇటలీ పేదలకు, ఆ తర్వాత అమెరికా దక్షిణాది కూలీలకు పెల్లాగ్రా జబ్బు పట్టింది. చర్మం పగిలింది, మతి తప్పింది, వేలమంది చచ్చారు. గింజను తీసుకొని, దాన్ని వండే మనుషుల మాటను పారేస్తే జరిగేది ఇది. మన దక్కన్‌లో కూడా జొన్న తప్ప మరేమీ అందని పేదల్లో ఈ జబ్బు కనబడిందని 1960ల్లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు రాశారు. ఒట్టి గింజ తిండి కాదు. జొన్న సాళ్ల మధ్య కంది, బొబ్బర, అనుము వేసిన చెలక ఉండాలి, గట్టు మీద ఆకుకూర ఉండాలి, పండుగకు మేక ఉండాలి. మెక్సికోవాళ్లు మక్క, చిక్కుడు, గుమ్మడి ఒకే చేనులో కలిపి వేసేది ఇందుకే.

2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తించింది ఏదో ఒక్క వంటకాన్ని కాదు. చేను, విత్తనం, రుబ్బురోలు, పండుగ, మిచోకాన్ రాష్ట్రంలో వండే ఆడవాళ్లు, అన్నీ కలిపి. అలాగని కాగితం చూసి మురిసిపోవద్దు. 1994లో వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం తర్వాత అమెరికా చవక మక్క వచ్చిపడి అక్కడి చిన్న రైతులు నలిగిపోయారు. ఆ ఒప్పందం మొదలైన జనవరి 1నే చియాపాస్ ఆదివాసులు తిరగబడ్డారు. తిండి గౌరవం భూమి దగ్గర, ధర దగ్గర తేలుతుందని వాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మన తండాలు సంతోషించాయి. అంబలి తాగి పడుకున్న రాత్రులు ఎరిగిన అవ్వలు అన్నం ముద్దను కళ్లకద్దుకున్నారు. తెల్లవారుజామున ఇసుర్రాయి తిప్పే బాధ ఆడవాళ్లకు తప్పింది. వాళ్లను పట్టుకొని "జొన్నను వదిలేశారు" అని తిట్టే పట్నం జొన్నప్రేమికుల మీద మాకు జాలి కూడా కలగదు. చెలకల్లోకి పత్తి వచ్చింది, బోరు కింద వరి వచ్చింది. జొన్నకు ధర లేదు, పిట్టల కాపలాకు మనిషి లేడు. వదిలించింది ఎవరో వెతకండి.

కనుక మేం అడుగుతున్నది ఫుడ్ ఫెస్టివల్‌లో స్టాలు కాదు. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు జొన్న, సజ్జ, రాగి వంటి ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వాలని అప్పట్లో రాశారు. మన తండా రేషన్ దుకాణంలో జొన్నగింజ ఎవరైనా చూశారా? ఒడిశా గిరిజన జిల్లాల్లో రాగులు కొని మళ్లీ రేషన్‌లో ఇస్తోంది, అంగన్‌వాడీలో రాగిలడ్డు పెడుతోంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ దళిత మహిళా సంఘాలు సర్కారు కదలకముందే తమ జొన్నలతో తామే రేషన్ నడిపి చూపించాయి. 2024 డిసెంబరులో మన హాస్టళ్లకు ఉమ్మడి మెనూ వచ్చింది. డైట్ చార్జీలు 40 శాతం పెంచారు, మాంసం పెట్టారు. మంచిదే. కానీ ఆ మెనూ అన్నం చుట్టూనే తిరుగుతోంది.

మూడొందల మంది పిల్లలకు రొట్టెలు ఎవరు తడతారని వార్డెన్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. బండ్ల మీద పొగలో నిలబడి తట్టే మన ఆడబిడ్డలకు ఆ పని జీతానికి ఇవ్వండి. తుర్కపల్లి, నారాయణపురం తండాల సంఘాల దగ్గర జొన్నలు మద్దతు ధరకు కొనండి. రోజూ కుదరకపోతే వారానికి రెండుపూటలతో మొదలుపెట్టండి. వచ్చే స్కూలు కమిటీ సమావేశంలో ఈ తీర్మానం పెట్టడానికి తండా పెద్దలను, తల్లులను వెంటబెట్టుకొని రావాల్సింది మాత్రం మనమే.